జలసంధిలో నెమ్మది
ఆన్ జడ్సనమ్మ జీవిత చరిత్ర

మన తెలుగు క్రైస్తవ గృహములలో ఒక దుఃఖము నోరెత్తక నివసించుచున్నది. బిడ్డ కావలెనని కోరు భార్యాభర్తలు, ఒకసారి గర్భము పోయిన పిమ్మట, మరల ఆశపడుటకే భయపడుదురు. నెల తప్పినదని తెలిసిన దినమున సంతోషింపవలసిన హృదయము, ఇదియు నిలుచునో నిలువదో అని వణకును. మూడవ నెల దాటువరకు ఎవరికిని చెప్పవద్దని పెద్దలు హెచ్చరింతురు. చెప్పకుండుటచేత భయము తగ్గదు. అది లోపలనే పెరుగును.

అండమాను దీవులలోని ఫెరార్గంజ్ వంటి చోట ఈ భయము మరింత ఒంటరిది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఓడనెక్కి పోయి దక్షిణ అండమానులో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు కలవు. అట్టి ఇంటి కోడలికి పుట్టినిల్లు సముద్రమునకు ఆవల నుండును. కష్టము కలిగిన రాత్రి తల్లి ఒడి చేతికందదు.

ఆ ఫెరార్గంజ్‌కు దక్షిణముగా, దక్షిణ అండమానుకును లిటిల్ అండమానుకును నడుమ ఒక జలసంధి కలదు. నేడు దానిని డంకన్ జలసంధి యందురు. 1813వ సంవత్సరపు వర్షకాలములో ఒక చిన్న ఓడ గాలికి కొట్టుకొని ఆ దీవుల నడుమకు వచ్చెను. ఆ ఓడలో ఇరువదిమూడేండ్ల స్త్రీ యొకతె, మృతశిశువును కని, ప్రాణాపాయ స్థితిలో పండుకొనియుండెను. ఆమెయే ఆన్ జడ్సనమ్మ. బర్మా దేశపు మిషనెరీగా ఆమె పేరు లోకమెరుగును. తల్లి కాగోరి, పోగొట్టుకొని, భయముతోనే మరల ఆశపడిన స్త్రీగా ఆమెను మనము తక్కువగా ఎరుగుదుము. ఆ కథ ఇచ్చట చెప్పుచున్నాము.

బాల్యము, పిలుపు

ఆన్ హేసెల్‌టైన్ 1789వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున బ్రాడ్‌ఫర్డ్ అను ఊరిలో జన్మించెను. తండ్రి జాన్, తల్లి రెబెకా. ఆ ఇల్లు అతిథులతోను నవ్వులతోను నిండియుండెడిది. ఆన్ చురుకైన పిల్ల. చదువునందును ఆసక్తి గలది, వేడుకలయందును ఆసక్తి గలది. పదునారేండ్ల వయస్సున, 1806లో, ఆ ఊరి పాఠశాలలో కలిగిన ఆత్మీయ ఉజ్జీవమునందు ఆమె ప్రభువునకు తన్ను అప్పగించుకొనెను. తరువాత కొంతకాలము చుట్టుపట్ల ఊళ్లలో బడిపంతులమ్మగా పనిచేసెను.

1810లో బ్రాడ్‌ఫర్డ్‌లో జరిగిన సంఘముల సభకు అదోనిరాము జడ్సన్ అను యువకుడు వచ్చెను. ఆసియా ఖండమునకు సువార్తికుడుగా పోవలెనని అతని కోరిక. ఆన్‌ను వివాహమాడ గోరి అతడు ఆమె తండ్రికి జాబు వ్రాసినప్పుడు ఏమియు దాచలేదు. ఈ లోకమున కుమార్తెను మరల చూడకపోవచ్చుననియు, సముద్ర ప్రమాదములును పరదేశపు వ్యాధులును ఆమెకు సంభవింపవచ్చుననియు విప్పి చెప్పి, ఇందుకు సమ్మతింతురా యని అడిగెను. తండ్రి నిర్ణయమును కుమార్తెకే విడిచిపెట్టెను. ఆమె చాల దినములు ప్రార్థించి, భయము పోకమునుపే ఒప్పుకొనెను.

1812 ఫిబ్రవరి 5వ తేదీన వారి వివాహము జరిగెను. అదే నెల 19వ తేదీన సేలం రేవునుండి కారవాన్ అను ఓడలో వారు కలకత్తాకు బయలుదేరిరి. సామ్యూల్ న్యూవెల్, అతని భార్య హారియెట్ వారితోకూడ ఉండిరి. హారియెట్‌కు అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. ఆమె ఆన్‌కు చిన్ననాటి స్నేహితురాలు. అమెరికానుండి పరదేశ సేవకు బయలుదేరిన మొదటి స్త్రీలలో వీరిరువురు ఉండిరి.

హారియెట్ సమాధి

జూను నెలలో వారు కలకత్తా చేరిరి. ప్రయాణకాలములో లేఖనములను పరిశోధించి బాప్తిస్మమును గూర్చి తమ అభిప్రాయము మార్చుకొనిన జడ్సన్ దంపతులు, 1812 సెప్టెంబరు 6వ తేదీన కలకత్తాలో బాప్తిస్మము పొందిరి. ఇంతలో ఈస్టిండియా కంపెనీవారు అమెరికా మిషనెరీలను దేశము విడిచి పొమ్మని ఆజ్ఞాపించిరి. న్యూవెల్ దంపతులు ముందుగా మారిషస్ దీవికి ఓడనెక్కిరి. అప్పుడు హారియెట్ గర్భవతి.

ఆ ప్రయాణములో తుఫానులు రేగెను. నెలలు నిండకముందే, ఓడ గదిలో, భర్త తప్ప సహాయము లేనిచోట, హారియెట్ ఒక ఆడశిశువును కనెను. ఆ పసికందు అయిదు దినములే బ్రతికెను. తల్లికి క్షయవ్యాధి ముదిరెను. 1812 నవంబరు 30వ తేదీన మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆమె కన్నుమూసెను. ఆమె వయస్సు పందొమ్మిదేండ్లు.

1813 జనవరిలో జడ్సన్ దంపతులు పోర్ట్ లూయీ చేరగా మొదట వినిన వార్త ఇదియే. పెండ్లి నాటినుండి ఒకే ఓడలో, ఒకే ఆశతో వచ్చిన స్నేహితురాలు సమాధిలో నుండెను. కొద్ది నెలలకే ఆన్ తానును గర్భవతియై అదే మహాసముద్రము మీద ప్రయాణము చేయవలసి వచ్చెను. పొరుగింటి ఆడపడుచుకు కడుపు పోయినదని వినిన దినమున గర్భవతి గుండె ఎట్లుండునో మన స్త్రీలకు చెప్పనక్కరలేదు. ఆన్ ఎరిగిన కీడు పుస్తకములో చదివినది కాదు. ఆమె దాని సమాధిని చూచియుండెను.

జార్జియానా ఓడ

1813 మే నెలలో మారిషస్ విడిచి, జూను 4వ తేదీన వారు మద్రాసు చేరిరి. అచ్చట నిలిచిన యెడల కంపెనీవారు పట్టి ఇంగ్లండునకు పంపుదురను భయముండెను. రేవునుండి వెంటనే బయలుదేరు ఓడ యొక్కటియే కనబడెను. అది రంగూనునకు పోవు జార్జియానా అను పాత పోర్చుగీసు ఓడ. బర్మా దేశమునకు పోవుటకు ఆప్తులందరు భయపెట్టియుండిరి. వేరు దారి లేక జూను 22వ తేదీన వారు అందులో ఎక్కిరి.

ప్రసవకాలమునందు తోడుండుటకై ఆన్ కొరకు మద్రాసులో ఒక యూరోపియను పనిమనిషిని కుదుర్చుకొనిరి. చూచుటకు ఆమె ఆరోగ్యవంతురాలే. కాని ఓడ ఎక్కిన కొద్ది కాలములోనే ఆమె కుప్పకూలి మరణించెను. ఆమెను బ్రతికింపవలెనని ఆన్ చేసిన ప్రయాసము వ్యర్థమాయెను. ఆ దిగులువలనను శ్రమవలనను ఆన్ మిక్కిలి జబ్బుపడెను. వైద్యుడు లేడు, మంత్రసాని లేదు, మరియొక స్త్రీయైనను తోడు లేదు. ఓడ విడువక ఊగుచుండెను. ఆ స్థితిలో ఆమెకు ప్రసవమాయెను. బిడ్డ ప్రాణముతో పుట్టలేదు. పేరు పెట్టి పిలువకమునుపే ఆ మొదటి శిశువును సముద్రమునకు అప్పగింపవలసి వచ్చెను.

తల్లియు బ్రతుకునట్లు కనబడలేదు. ఓడ ఊగుట నిలిచిననే గాని ఆమె శరీరమునకు విశ్రాంతి లేదు. ఇట్లుండగా గాలి మారి ఓడను అండమాను దీవులవైపునకు త్రోసివేసెను. లిటిల్ అండమానుకును గ్రేట్ అండమానుకును నడుమనున్న సందులో ఓడ ప్రవేశింపవలసి వచ్చెను. ఓడ నాయకుడు ఆ దారి ఎన్నడును చూచినవాడు కాడు. ఒకవైపు బండలు, మరియొకవైపు తెలియని తీరములు. ఆ దీవులవారు మనుష్యులను తిందురని ఆనాటి నావికులు కథలు చెప్పుకొనెడివారు. ఆ కథలు నిజము కావని నేడు తెలియును. ఆనాడు ఓడలోనివారు వాటిని నమ్మి వణకిరి. ఇంగ్లీషువారు 1789లో ఈ దీవులలో వేసిన మొదటి వలస, జ్వరములకు తాళలేక 1796లోనే ఎత్తివేయబడియుండెను. అందుచేత ఆ తీరమున ఆశ్రయమిచ్చు రేవు ఒక్కటియు లేదు.

అయితే ఏ దీవులను చూచి నావికులు భయపడిరో ఆ దీవులే గాలికి అడ్డముగా నిలిచెను. వాటి చాటున నీళ్లు నిమ్మళించెను. ఓడ ఊగుట మానెను. ఆన్ కన్నులు మూసి నిద్రించెను. క్రమముగా జ్వరము తగ్గి ప్రాణము నిలిచెను.

చదువరులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. ఆ జలసంధి ఆమె బిడ్డను తిరిగి ఇయ్యలేదు. పోయిన దుఃఖము పోయినట్లే యుండెను. కాని తల్లి చావకుండుటకు కావలసినంత నెమ్మది, అపాయమున్నచోటనే, ఆమెకు దొరకెను. దేవుని దయ అనేకసార్లు ఈ కొలతతోనే వచ్చును. మనమడిగినదంతయు రాదు. ఈ రాత్రి గడుచుటకు చాలినది వచ్చును.

మరల అదే సముద్రము

1813 జూలై 13వ తేదీన ఓడ రంగూను చేరెను. ఆన్ నడువలేకపోయెను. ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి నలుగురు బర్మీయులు భుజములమీద మోసికొనిపోయిరి. దారిలో చెట్టునీడను దించినప్పుడు ఊరి స్త్రీలు చుట్టు మూగి, పాలిపోయిన ఆ ముఖమును వంగి వంగి చూచిరి. ఆమె చిరునవ్వు నవ్వగా వారును నవ్విరి. ఆ స్త్రీలయెదుట ఆమె చేసిన మొదటి సేవ అదియే.

తరువాత ఆమె తన్ను దుఃఖమునకు అప్పగించుకొనలేదు. ప్రతిదినము బర్మా భాష నేర్చుకొనెను. ఇంటి పనులు చూచు భారము ఆమెదగుటచేత సేవకులతోను అంగడివారితోను మాటలాడి, వాడుక భాష భర్తకంటె ముందుగా ఆమెకే అలవడెను. తలిదండ్రులకును అక్కచెల్లెండ్రకును జాబులు వ్రాసి తన మనస్సులోని సంగతులు తెలిపెను.

1814 గడచుసరికి ఆమె ఆరోగ్యము చెడెను. రంగూనులో తగిన వైద్యము లేదు. 1815 జనవరిలో, భర్తను పని విడిపింపక, తాను ఒంటరిగా మద్రాసునకు ఓడనెక్కెను. అచ్చటి వైద్యుడు ఆమెను చూచి, ఇచ్చిన సొమ్ము పుచ్చుకొనక త్రిప్పి పంపెను. ఏప్రిలులో ఆమె రంగూనునకు తిరిగి వచ్చెను. సెప్టెంబరు 11వ తేదీన ఆమెకు కుమారుడు పుట్టెను.

నెలలు లెక్కించిన యెడల విషయము తెలియును. మద్రాసునుండి రంగూనునకు, ఏ బంగాళాఖాతము మీద మొదటి బిడ్డను పోగొట్టుకొనెనో ఆ సముద్రము మీదనే, ఆమె రెండవ బిడ్డను కడుపున మోయుచు వచ్చెను. భయము లేకుండెనని మనము చెప్పజాలము. పోగొట్టుకొనినచోటనే మరల ప్రయాణము చేయుట భయములేనివారి పని కాదు; భయపడియు నడచువారి పని. ఆమె వైద్యునియొద్దకు పోవుటను అవిశ్వాసమని తలంచలేదు. ప్రార్థనయు చేసెను, మందును పుచ్చుకొనెను.

రోజర్

కుమారునికి రోజర్ విలియమ్స్ అని పేరు పెట్టిరి. ప్రసవకాలమున భర్త తప్ప వైద్యుడు గాని తోడు గాని లేకపోయినను తల్లియు బిడ్డయు క్షేమముగా నుండిరి. తలిదండ్రులు తాళపత్రములు ముందు పెట్టుకొని చదువుచుండగా ఆ బిడ్డ ప్రక్కనే పండుకొని చూచుచుండెడివాడు. వారిలో ఎవరైన తన్ను ఎత్తుకొనక గది దాటి పోయిన యెడల, ఏడువక, కన్నులతో గుమ్మమువరకు వెంబడించి కన్నీరు నింపుకొనెడివాడు. ఆ పరదేశములో వారికున్న వేడుక అదొక్కటియే.

ఎనిమిది నెలలు నిండుచుండగా రోజర్‌కు రాత్రులయందు జ్వరము రాసాగెను. 1816 మే 4వ తేదీన అతడు మరణించెను. ఇంటి వెనుక మామిడిచెట్ల నీడను అతని పాతిపెట్టిరి. రంగూను రాజప్రతినిధి భార్య ఈ వార్త విని పరివారముతో వచ్చి రొమ్ము కొట్టుకొని దుఃఖించెను. తనకు కబురు పంపనందుకు నొచ్చుకొనెను. వారి మనస్సు చల్లబడవలెనని కొన్ని దినములకు ఏనుగులనెక్కించి తోటలకు తీసికొనిపోయెను. ఆమె క్రైస్తవురాలు కాదు. అయినను ఏడ్చువారితో ఏడ్వవలెనను విధిని ఆమె నెరవేర్చెను. మన సంఘములలో కడుపు పోయిన స్త్రీని చూచి మాట తోచక తప్పించుకొని పోవువారు ఈమెను చూచి నేర్చుకొనవలెను.

ఆ దుఃఖములో ఆన్ ఇంటికి వ్రాసిన జాబులో ఒక తలంపు కనబడును. తాము బిడ్డను మితిమించి ప్రేమించితిమనియు, ఆ పొరపాటును తెలుపుటకే దేవుడు అతని తీసికొనెననియు ఆమె భావించెను. ఆనాటి భక్తులలో ఇట్టి ఆలోచన సాధారణము. గర్భశోకమున వ్రాసిన మాటకు ఆమెను తప్పుపట్టరాదు. కాని ఆ తలంపును తీసికొని మరియొక తల్లి మెడకు కట్టరాదు. పుట్టుగ్రుడ్డివానిని చూపి ఎవని పాపమని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కను అంగీకరింపలేదు. బిడ్డను ప్రేమించుట దేవుడు శిక్షించు నేరము కాదు. రోజర్ జ్వరముచేత మరణించెను. మొదటి శిశువు, సహాయము లేని ఓడలో, తీవ్రమైన జబ్బు నడుమ పోయెను.

మన ఇండ్లలో ఈ తీర్పు వేరు వేరు మాటలతో వినబడును. బరువెత్తితివనియు, గ్రహణమునాడు బయటికి వచ్చితివనియు, దిగులుపడితివనియు, ప్రార్థన తక్కువైనదనియు కోడలిని అందురు. వైద్యులు చెప్పునది వేరు. గర్భమని తెలిసినవారిలో 100కి 10 నుండి 20 మందికి గర్భస్రావము కలుగుచున్నది. మొదటి మూడు నెలలలో పోవువాటిలో సుమారు సగము, పిండము ఏర్పడునప్పుడే క్రోమోజోములలో కలిగిన లోపమువలన పోవును. అది తల్లి చేసినదియు కాదు, ఆపగలిగినదియు కాదు. ఇంటిలోని మామూలు పనివలన, ఒక దినపు దిగులువలన గర్భము పోదు. ఒకసారి పోగొట్టుకొనినవారిలో అధికులు తరువాత ఆరోగ్యముగల బిడ్డను కనుచున్నారు.

చేయదగినవియు కలవు. గర్భమునకు ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనుట, పొగాకును మద్యమును మానుట, చక్కెర వ్యాధిని థైరాయిడ్‌ను అదుపులో నుంచుకొనుట, దోమలనుండి కాపాడుకొనుట వైద్యులు చెప్పు జాగ్రత్తలు. రెండుసార్లు గాని అంతకు మించి గాని పోయిన యెడల కారణము తెలిసికొనుటకు పరీక్షలు కలవు. భర్తయు పరీక్షకు పోవలెను. గర్భవతికి రక్తము కనబడినను, తీవ్రమైన కడుపునొప్పి గాని జ్వరము గాని కలిగినను, ఇంటిలో వేచియుండక ఆసుపత్రికి పోవలెను. ఫెరార్గంజ్‌లోనున్న తల్లికి శ్రీ విజయపురము, అనగా 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన పట్టణము, రోడ్డుమీదుగానే చేరదగినది. వైద్యుని కొరకు ఆన్ దాటవలసివచ్చినది బంగాళాఖాతము.

మరియ

ఆన్ మరల తల్లియగుటకు తొమ్మిదేండ్లు గడచెను. ఆ సంవత్సరములు వట్టివి కావు. ఆమె బర్మా స్త్రీలను కూర్చుకొని వాక్యము బోధించెను. దానియేలు, యోనా గ్రంథములను బర్మా భాషలోనికి తెచ్చెను. సయాము భాష నేర్చుకొని 1819లో మత్తయి సువార్తను ఆ భాషలోనికి అనువదించెను. అదే సంవత్సరము జూనులో మొదటి బర్మీయ విశ్వాసి బాప్తిస్మము పొందెను. కాలేయవ్యాధిచేత 1822లో స్వదేశమునకు పోయి, బర్మా మిషను చరిత్రను వ్రాసి ప్రచురించి, 1823 డిసెంబరులో తిరిగి వచ్చెను.

1824లో ఇంగ్లీషువారికిని బర్మా రాజునకును యుద్ధము కలిగెను. జూను 8వ తేదీన ఆవా నగరములో అదోనిరామును పట్టి, సంకెళ్లువేసి, చావుకొట్టమని పేరుపొందిన చెరసాలలో వేసిరి. ఆన్ అప్పుడు గర్భవతియాయెను. ఆ దశలోనే ఆమె అధికారుల వాకిళ్లు తిరిగి బ్రతిమాలుకొనెను, చెరసాలకు అన్నము మోసెను, బర్మా క్రొత్తనిబంధన వ్రాతప్రతిని దిండులో కుట్టి భర్తకు అందించెను.

1825 జనవరి 26వ తేదీన మరియ పుట్టెను. ఇరువది దినములకు తల్లి ఆ పసిదానిని ఎత్తుకొని చెరసాల గుమ్మమునకు పోయి తండ్రికి చూపెను. మే నెలలో ఖైదీలను ఔంగ్‌పెన్లా అను పల్లెకు నడిపించుకొనిపోగా, మూడు నెలల బిడ్డతోను, తాను పెంచుచున్న ఇద్దరు బర్మా బాలికలతోను ఆమె వెంబడించెను. అచ్చట పిల్లలకు మశూచి సోకెను. ఆన్ జబ్బుపడి పాలు లేకపోయెను. కావలివారికి కానుకలిచ్చి అనుమతి పొంది, కాళ్లకు సంకెళ్లున్న అదోనిరాము ఆ బిడ్డను చేతులలో పెట్టుకొని, పల్లెలోని బాలింతలను ఇంటింట పాలు అడుగుచు తిరిగెను. పేరు తెలియని ఆ తల్లులు చనుబాలిచ్చి బిడ్డను బ్రతికించిరి.

1826లో యుద్ధము ముగిసి వారు విడుదలయైరి. కాని ఆన్ శరీరము అలసిపోయియుండెను. భర్త రాజకార్యముమీద ఆవాకు పోయియుండగా, అక్టోబరు 24వ తేదీన అమ్హర్‌స్ట్ అను రేవుపట్టణములో ఆమె జ్వరముచేత ప్రభువునందు నిద్రించెను. ఆమె వయస్సు ముప్పదియారేండ్లు. హోపియా చెట్టుక్రింద ఆమెను పాతిపెట్టిరి. 1827 ఏప్రిలు 24వ తేదీన రెండేండ్ల మూడు నెలల మరియయు తల్లిప్రక్కకు చేరెను.

ఆమె విడిచిన సంతానము

ఇట్లు ఆన్ జడ్సనమ్మ మువ్వురు బిడ్డలను కనెను. ముగ్గురిలో ఒక్కరును పెరిగి పెద్దవారు కాలేదు. భక్తుల చరిత్రలన్నియు సంతోషముగా ముగియవలెనని కోరువారికి ఈ చరిత్ర కష్టముగా తోచును. హన్నాకు సమూయేలును ఇచ్చిన దేవుడు ఈమెకు అట్లు ఇయ్యలేదు. ఆమె విశ్వాసము హన్నా విశ్వాసముకంటె తక్కువదని ఎవరు చెప్పగలరు?

ఆమె జీవితము గొడ్డుపోయినది కాదు. జడ్సన్ దంపతుల కారణముగా 1814లో అమెరికా బాప్తిస్టులు మిషను సంఘమును స్థాపించిరి. ఆ సంఘము పంపిన సామ్యూల్ డే గారు 1836లో తెలుగువారియొద్దకు వచ్చిరి. 1840లో నెల్లూరు సేవ ఆరంభమాయెను. ఒంగోలు మొదలైనచోట్ల లక్షలాది తెలుగు క్రైస్తవులు ఆ సేవ ఫలమే. దిండులో దాగిన వ్రాతప్రతి నిలిచెను. 1834లో అదోనిరాము బర్మా బైబిలు అనువాదమును ముగించెను.

అండమానుకును ఆ ఫలము వచ్చెను. జడ్సన్ దంపతుల వెంట వచ్చిన మిషనెరీలవలన బర్మాలోని కరెన్ జాతివారు వేలకొలది ప్రభువును నమ్మిరి. 1925లో కొన్ని కరెన్ క్రైస్తవ కుటుంబములు మధ్య అండమానుకు వచ్చి మాయాబందరు ప్రాంతమున వేబీ అను పల్లె కట్టుకొని, అచ్చట ఆరాధన ప్రారంభించిరి. ఆ కాలమున ఈ దీవులను ఏలిన చీఫ్ కమిషనరు ఫెరార్ దొర. ఫెరార్గంజ్ ఆయన పేరుగల ఊరే. ఏ తీరములను చూచి జార్జియానా ఓడవారు వణకిరో ఆ తీరములనుండి నేడు కీర్తనలు వినబడుచున్నవి.

ఇంకొక సంగతి కలదు. 1850లో అదోనిరాము జబ్బుపడి గాలిమార్పు కొరకు ఓడనెక్కెను. ఏప్రిలు 12వ తేదీన ఓడలోనే మరణింపగా, అండమాను దీవుల చేరువ, ఉత్తర అక్షాంశము 13 డిగ్రీలు, తూర్పు రేఖాంశము 93 డిగ్రీలయొద్ద ఆయన దేహమును సముద్రమునకు అప్పగించిరి. మొదటి బిడ్డ పోయిన ముప్పదియేడేండ్లకు తండ్రియు ఈ సముద్రములోనే నిద్రించెను. సముద్రము తనలోనున్న మృతులను అప్పగించు దినమున ఆ తండ్రియు, పేరులేని ఆ శిశువును కూడ లేతురని మన నిరీక్షణ.

ప్రియ సహోదరీ

నీవు ఫెరార్గంజ్‌లో నున్నను, గోదావరి తీరమున నున్నను, పోగొట్టుకొని మరల ఆశపడుటకు భయపడుచున్న యెడల, ఈ చరిత్రనుండి ఈ మాటలు గైకొనుము. నీ భయము అవిశ్వాసము కాదు. పోయిన బిడ్డ నీకు పడిన శిక్ష కాదు. వైద్యునియొద్దకు పోవుట దేవుని విడిచిపోవుట కాదు. ఈసారి తప్పక బిడ్డ నిలుచునని నీకు వాగ్దానము చేయుటకు మాకు అధికారము లేదు. అట్లు చేయువారిని నమ్మి నీ హృదయమును ఇంకను గాయపరచుకొనవద్దు. అయితే ఎక్కువమంది తల్లులకు ఆ ఆనందము కలుగుచున్నదని జ్ఞాపకముంచుకొనుము. తొమ్మిది నెలల భయమును ఒక్కదినమున మోయవలదు. ఈ దినపు భారము ఈ దినమునకు చాలును. నీ భయమును భర్తకు చెప్పుము. నమ్మదగిన ఒక స్త్రీకి చెప్పుము. అది వారములు వారములు నిద్రపట్టనీయక పోయిన యెడల వైద్యునికిని చెప్పుము.

భర్తలారా, అదోనిరాము పసిబిడ్డనెత్తుకొని ఇంటింటికి తిరుగుటకు సిగ్గుపడలేదు. మీరును ఆసుపత్రి వాకిట భార్యప్రక్కన కూర్చుండుటకు సిగ్గుపడవద్దు. అత్తగార్లారా, హన్నా ఏడ్పును చూచి మత్తురాలని ఏలీ పొరపడెను. పిమ్మట మాట దిద్దుకొని దీవించెను. మీరు మొదటనే దీవించుడి. సంఘస్థులారా, ఎప్పుడు విశేషమని వేడుకకై అడుగుట మానుడి. పోగొట్టుకొనిన ఇంటికి అన్నము వండి తీసికొనిపొండి. కొంచెముసేపు ఊరక కూర్చుండుడి.

బండల నడుమ ఓడను నిమ్మళపరచిన ప్రభువు, ఈ రాత్రి భయపడుచున్న ప్రతి తల్లికిని నెమ్మదియైన నిద్ర ననుగ్రహించును గాక. ఆమేన్.